అడ్డదారి వారసత్వం

1950ల మధ్యలో జపాన్ వైద్యులకు ఒక చిక్కు వచ్చిపడింది. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా బ్యాక్టీరియా సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్‌ నాలుగింటికీ ఒకేసారి లొంగడం మానేసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించిన అమెరికా పరిశోధనశాల నుంచి బయటికొచ్చింది. పదేళ్లయినా తిరగకముందే సూక్ష్మజీవికి దాని విరుగుడు ఎలా దొరికింది?

బ్యాక్టీరియా సంతానం కనే పద్ధతి చాలా సాదా. డీఎన్ఏకు నకలు తీసుకుని, కణం మధ్యలో గోడ కట్టుకుని రెండుగా విడిపోతుంది. మన పేగుల్లో ఉండే ఇ.కోలైకి తిండి, వెచ్చదనం సమృద్ధిగా దొరికితే 20 నిమిషాలకోసారి ఇలా విడిపోగలదు. అదే జోరు సాగితే 8 గంటల్లో ఒక కణం కోటీ 67 లక్షలు దాటుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. దాని డీఎన్ఏ మొత్తం, అంటే సుమారు 46 లక్షల అక్షర జంటలు, నకలు కావడానికి 40 నిమిషాలు పడుతుంది. మరి 20 నిమిషాలకే విడిపోవడమెలా? ఒక నకలు పూర్తికాకముందే తర్వాతి నకలు మొదలైపోతుంది. మనవరాలికి చెందాల్సిన డీఎన్ఏ అమ్మమ్మ కడుపులోనే తయారవుతుందన్నమాట.

నకలులో అప్పుడప్పుడూ పొరపాట్లు దొర్లుతాయి. అలాంటి ఒక పొరపాటు వల్ల ఒక మందును తట్టుకునే గుణం కోటి కణాల్లో ఒకదానికి వస్తుందనుకుందాం. నాలుగు మందుల పొరపాట్లూ ఒకే కణంలో కలిసిరావాలంటే ఒకటి పక్కన 28 సున్నాలు పెట్టినన్ని కణాలు కావాలి. రోగి పేగుల్లో అన్ని పట్టవు. అంటే ఆ గుణం పొరపాటుగా పుట్టింది కాదు, ఎక్కడి నుంచో వచ్చింది.

ఎక్కడి నుంచో 1959లో తేలింది. ఒచియాయ్, అకిబా బృందాలు మందులకు లొంగని ఇ.కోలైని, లొంగే షిగెల్లాను కలిపి పెంచితే, షిగెల్లా కూడా మొండికేసింది. బ్యాక్టీరియాలు ఒకదానికొకటి జన్యువులు ఇచ్చుకుంటాయని 1946లోనే లెడర్‌బర్గ్, టాటమ్ చూపించారు. జపాన్‌లో చేతులు మారింది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం. దాత సన్నని నూగులాంటి పైలస్‌ను చాచి పక్క కణాన్ని దగ్గరికి లాక్కుంటుంది. వలయంలోని రెండు పోగుల్లో ఒకటి అటు వెళుతుంది. మిగిలిన పోగు ఆధారంగా దాత, వచ్చిన పోగు ఆధారంగా గ్రహీత రెండోదాన్ని అల్లుకుంటాయి. ఇచ్చినవారికి నష్టం లేదు, పుచ్చుకున్నవారు వేరే జాతివారైనా పరవాలేదు. నాలుగు విరుగుళ్లూ ఒకే వలయం మీద ఉంటే నాలుగూ కలిసే వెళతాయి.

వైరస్‌ల సంగతి వేరు. వాటికి ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు లేవు, విడిపోవడానికి కణమే లేదు. జన్యువులను మరో కణంలోకి దించి, దాని యంత్రాంగంతోనే తమ భాగాలు చేయించుకుని కూర్చుకుంటాయి. బ్యాక్టీరియాను పట్టే ఫేజ్‌లు ఈ కూర్పులో ఒక్కోసారి తమ డీఎన్ఏకు బదులు బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కను నింపుకుని, తర్వాతి కణంలో దించుతాయి. జన్యువుల రవాణాకు ఇదొక దారి. ఫ్లూ వైరస్‌ది ఇంకో తీరు. దాని ఆర్ఎన్ఏ 8 ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల ఫ్లూ ఒకే కణంలో చొరబడితే ఆ ముక్కలు 256 రకాలుగా కలవవచ్చు. 2009లో ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూలో పక్షులు, పందులు, మనుషుల వైరస్‌ల ముక్కలు కలగలిసి ఉన్నాయి.

జలుబుకు యాంటీబయాటిక్ వేసుకోవద్దని డాక్టర్లు అనేది ఇందుకే. జలుబు తెచ్చే వైరస్‌ను ఆ మందు ఏమీ చేయలేదు. పేగుల్లోని బ్యాక్టీరియాలో మాత్రం లొంగేవి చచ్చి, విరుగుడున్నవి ఆ చోటంతా ఆక్రమిస్తాయి. అవి మనకు హాని చేయనివే కావచ్చు. కానీ రేపు కలుషిత నీటితో ఒక షిగెల్లా లోపలికొస్తే, దానికి ఇవ్వడానికి వాటి దగ్గర ప్లాస్మిడ్ సిద్ధంగా ఉంటుంది.