ఎనిమిదో తరగతి దాకా ఆగాలా?

కౌమారదశ పాఠం మన పిల్లలకు ఎనిమిదో తరగతిలో వస్తుంది. చాలామంది ఆడపిల్లలు ఆరు, ఏడు తరగతుల్లోనే పెద్దమనిషవుతున్నారు. గౌనుకు మరక అంటి, బెంచీ మీంచి లేవడానికి భయపడ్డ ఏడాదికో రెండేళ్లకో ఆ పాఠం చదువుతారన్నమాట. మగపిల్లలకు ఆపాటి మాట చెప్పేవారూ ఉండరు. ఫోన్లో దొరికే బూతు వీడియోలే వాళ్లకు గురువులు. అమ్మాయి వద్దంటే ఆగాలని అవి నేర్పవు.

చెబితే లేనిపోని ఆలోచనలు రేపినట్టేనన్నది తల్లిదండ్రుల భయం. 2007లో కొన్ని రాష్ట్రాలు కౌమార విద్యా కార్యక్రమాన్ని ఇలాంటి అభ్యంతరాలతోనే ఆపేశాయి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, కానీ ఆధారాలు మరోలా ఉన్నాయి. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని, అనేక దేశాల అధ్యయనాలు చూశాక యునెస్కో 2018 మార్గదర్శకాల్లో తేల్చింది. చెప్పకపోవడం వల్ల నష్టం మాత్రం కళ్లెదుటే ఉంది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించిన 2007 అధ్యయనంలో, సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వేధించినవాళ్లలో దాదాపు సగం మంది తెలిసినవాళ్లే. మామయ్య వరసైనవాడు ఎక్కడ చెయ్యి వేశాడో అమ్మకు చెప్పాలంటే, పిల్లకు ఒంట్లో భాగాల పేర్లు సిగ్గుపడకుండా పలకడం రావాలి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012లోనే వచ్చినా, చాలా కేసులు మొదలయ్యేది ఆ ఒక్క మాటతోనే. తల్లిదండ్రులను బడికి పిలిచి, పాఠం ముందే చూపించి, ఆరో తరగతిలోనే మొదలుపెట్టాలి.