తేలు కుట్టిన దొంగలు

దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ దేశంలోని పెద్ద కంప్యూటర్ బజార్లలో ఒకటి. ఒకనాడు దొంగ సాఫ్ట్‌వేర్ సీడీలు అమ్మే కుర్రవాళ్ళు అక్కడ బాటసారుల వెంటబడేవారు. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే అపఖ్యాత బజార్ల జాబితాలో ఈ బజారు పేరు పలుమార్లు చోటుచేసుకున్నది. సీడీల కాలం గతించింది గాని, ఆ అలవాటు అంతరించలేదు, రూపు మార్చుకున్నది. నేడు సాఫ్ట్‌వేర్ ప్రతిని దొంగచాటుగా కొననక్కరలేదు. సొమ్ము చెల్లించినట్లు కంప్యూటర్‌ను నమ్మించే ‘యాక్టివేటర్’ అనే చిన్న ప్రోగ్రామును నడిపితే చాలు. ఇది ఒక విదేశీ కంపెనీ ఆదాయానికి పడే గండి మాత్రమేనని మనం ఇంతకాలం సరిపెట్టుకున్నాము. అంతకు మించిన ప్రమాదం ఇందులో ఉన్నదని ఉక్రెయిన్ అనుభవం హెచ్చరిస్తున్నది.

2025 ఫిబ్రవరిలో ఎక్లెక్టిక్ ఐక్యూ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక నివేదిక వెలువరించింది. రష్యా సైనిక గూఢచారి విభాగానికి చెందినదని పాశ్చాత్య ప్రభుత్వాలు పేర్కొనే ‘శాండ్‌వార్మ్’ బృందం ఉక్రెయిన్‌లోని విండోస్ వాడకందారులపై విషం నింపిన యాక్టివేటర్లను ప్రయోగించినట్లు అందులో వెల్లడించింది. 2015 డిసెంబరులో ఉక్రెయిన్ విద్యుత్ సరఫరాను స్తంభింపజేసింది కూడా ఈ బృందమే. యాక్టివేటర్ తెరమీద తన పని తాను చేస్తున్నట్లే కనిపిస్తుంది. తెరవెనుక విండోస్ రక్షణ వ్యవస్థ కళ్ళుగప్పి, గూఢచారి ప్రోగ్రామును దించుతుంది. అది కీబోర్డు మీద కొట్టిన అక్షరాలను, దాచుకున్న పాస్‌వర్డులను శత్రువుకు చేరవేస్తుంది. అక్కడ ప్రభుత్వ కార్యాలయాలలో సైతం దొంగ సాఫ్ట్‌వేర్ వాడకం ప్రబలి ఉండడం శత్రువుకు కలిసివచ్చింది. కోటగోడను బద్దలుకొట్టే శ్రమ అతనికి తప్పింది.

ఈ ప్రోగ్రాము పనిచేసే తీరులోనే ప్రమాదం ఇమిడి ఉన్నది. వందలాది కంప్యూటర్లున్న సంస్థల సౌకర్యార్థం మైక్రోసాఫ్ట్ ‘కె.ఎం.ఎస్.’ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. సంస్థలోని ఒక సర్వర్ మిగతా కంప్యూటర్లకు అనుమతి ఇస్తుంది. ఆ అనుమతి 180 రోజులు చెల్లుతుంది; గడువు ముగియకముందే పునరుద్ధరించుకోవాలి. దొంగ యాక్టివేటర్ ఆ సర్వర్ వేషం ధరిస్తుంది. అందుకు దానికి కంప్యూటర్‌పై సర్వాధికారం కావాలి. యాంటీవైరస్ అడ్డుతగులుతుంది గనుక దానిని ముందుగా ఆపివేయాలి. అంటే కాపలావానిని ఇంటికి పంపి, తాళాల గుత్తి అపరిచితుని చేతిలో పెట్టడమన్నమాట. విషం లేని యాక్టివేటర్ కోరేదీ, విషం నింపినది కోరేదీ ఒక్కటే. కనుక సామాన్యుడు రెండింటికీ భేదం తెలుసుకోజాలడు. ‘కె.ఎం.ఎస్. పికో’ అనే ప్రసిద్ధ యాక్టివేటర్ పేరుతో పాస్‌వర్డులను, క్రిప్టో ఖాతాలను దోచే ప్రోగ్రాము పంపిణీ అవుతున్నట్లు రెడ్ కానరీ అనే సంస్థ 2021 డిసెంబరులోనే బయటపెట్టింది.

ఇక మన సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమైన బి.ఎస్.ఎ. 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2017లో భారతదేశంలో లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వాటా 56 శాతం. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో అది 80 శాతానికి మించింది. ఇవి స్వప్రయోజనం గల సంఘం వేసిన లెక్కలు. కొంత తగ్గించి చూసినా సమస్య చిన్నది కాదు.

నష్టం ఎవరికన్నది అసలు ప్రశ్న. మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటర్‌లో రైతు పాసుపుస్తకం, విద్యార్థి ధ్రువపత్రాలు, వృద్ధురాలి ఆధార్ ప్రతి ఒకే కంప్యూటర్ గుండా పోతాయి. మిగిలే సొమ్ము యజమానిది, ముప్పు వీరిది. యాక్టివేటర్ చెడిపోతుందేమోనన్న భయంతో విండోస్ సవరణలను నిలిపివేసేవారూ ఉన్నారు. సవరణలు వేసుకోకపోతే ఏమవుతుందో 2017 మేలో వచ్చిన వన్నాక్రై విపత్తు చూపింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ విడుదల చేసినా, అది చేరని కంప్యూటర్లు ప్రపంచమంతటా మూలబడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందినవీ వాటిలో ఉన్నాయి.

చట్టాలు లేకపోలేదు. తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడినవారికి కాపీరైట్ చట్టంలోని 63-బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారం కోసం వాడనివారికి జైలు తప్పించే వెసులుబాటు ఉన్నది. మరోవైపు, సైబర్ దాడి జరిగితే సంస్థలు 6 గంటలలోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఈ రెంటి నడుమ చిక్కుకున్న చిన్న వ్యాపారి ఏం చేస్తాడు? దాడి జరిగిందని చెబితే తన నేరం బయటపడుతుంది. కనుక తేలు కుట్టిన దొంగవలె నోరు మెదపడు. అతని మౌనం వల్ల తమ కాగితాలు పరులపాలైన సంగతి రైతుకూ విద్యార్థికీ ఎన్నడూ తెలియదు.

జైలు భయం ఒక్కటే దీనికి మందు కాదు. చిన్న దుకాణదారుకు లైసెన్సు ధర భారమన్నది కాదనలేని సత్యం. ఉచితంగా, న్యాయంగా లభించే లినక్స్ మార్గం మనకు కొత్తదీ కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి దానిపైనే చదువు చెబుతున్నాయి. సి-డాక్ రూపొందించిన ‘బాస్’ 2007 నాటికే వెలువడింది. రక్షణ మంత్రిత్వ శాఖ 2023లో ‘మాయా’ అనే వ్యవస్థకు మారడం ప్రారంభించింది. తన కంప్యూటర్లకు అవసరమనుకున్న రక్షణ గ్రామంలోని పౌరుని కాగితాలకు అక్కరలేదని ప్రభుత్వం భావించరాదు. పాత ఫాంట్లతో పాత విండోస్‌కు ముడిపడిపోయిన తెలుగు డి.టి.పి. కేంద్రాలను యూనికోడ్‌కు, లినక్స్‌కు మళ్ళించడానికి రెండు తెలుగు రాష్ట్రాలూ పూనుకోవాలి. దాడికి గురైనామని ముందుకు వచ్చి చెప్పిన చిన్న సంస్థను శిక్షించక ఆదుకునే ఏర్పాటును కేంద్రం చేయాలి. తేలు కుట్టినవాడు నిర్భయంగా కేక వేయగలిగితేనే, పక్కవాడు తన పక్క దులుపుకుంటాడు.