వాట్సాప్‌లో ‘తలుపు తట్టే నక్షత్రం’.. అసలు పల్సర్‌ను ఎలా పట్టుకుంటారు?

సూరహ్ తారిఖ్ పేరుతో ‘ఠక్ ఠక్’మనే ఆడియో ఒకటి మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతోంది. తారిఖ్ అంటే రాత్రి వచ్చి తలుపు తట్టేవాడు కదా, ఆ చప్పుడు పల్సర్‌దే అని కింద రాసి ఉంటుంది. ఆయత్‌కు అర్థం చెప్పాల్సింది ఉలమాలు, నేను కాదు. ఆడియో సంగతి మాత్రం చెప్పొచ్చు. పల్సర్ నుంచి మనకు చప్పుడేమీ రాదు. టెలిస్కోప్‌కు అందేది రేడియో తరంగాలు. వాటినే తర్వాత స్పీకర్‌లో వినిపించేలా మారుస్తారు.

పల్సర్ అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రంలో మిగిలిన ముద్ద. సూర్యుడిని మించిన బరువు, అడ్డంగా కొలిస్తే పాతిక కిలోమీటర్లలోపే. అది తిరుగుతుంటే దాని రేడియో కిరణం లైట్‌హౌస్ వెలుగులా మనల్ని తాకి పోతుంది. మొదటిది 1967లో జోసెలిన్ బెల్ కంటపడింది. లక్షల ముసలి నక్షత్రాలు కిక్కిరిసి ఉండే గోళాకార గుచ్ఛాల్లో మొదటిది 1987లో, ఎం28లో దొరికింది. ఆ రద్దీలో నీరసించిన పల్సర్‌కు జోడీ దొరుకుతుంది. జోడీ నుంచి పదార్థం వచ్చి పడేకొద్దీ మళ్లీ వేగం అందుకుంటుంది. టెర్జాన్ 5 అనే గుచ్ఛంలో ఒకటి సెకనుకు 716 సార్లు తిరుగుతోంది!

పట్టుకోవడమే కష్టం. ఒక్కో పల్స్ రేడియో గోలలో కలిసిపోతుంది. అందుకే గంటల డేటాను పల్సర్ తిరిగే లెక్కన ముక్కలు చేసి, అన్నిటినీ కూడుతారు. చిల్లర పోగేసినట్టే. కానీ ఆ లెక్క ముందుగా తెలియదు, లక్షల అంకెలు వేసి చూడాలి. పైగా దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఆలస్యంగా వస్తాయి, ఆ తేడా సరిచేయాలి. గుచ్ఛంలో ఒకటి దొరికితే ఈ తేడా ఎంతో తెలిసిపోతుంది, మిగతావాటి వేట సులువవుతుంది. జోడీ చుట్టూ తిరిగేవాటితో ఇంకో తలనొప్పి. దగ్గరికొచ్చి దాటిపోయే అంబులెన్స్ సైరన్‌లా పల్సుల వేగం మారుతూ ఉంటుంది.

పుణె దగ్గర ఖొడద్‌లోని జీఎంఆర్‌టీ ఈ చిక్కులన్నీ దాటింది. అక్కడ 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. 2004లో వాటితోనే ఎన్‌జీసీ 1851 గుచ్ఛంలో సెకనుకు 200 సార్లు తిరిగే పల్సర్ బయటపడింది. బాగా సాగిన కక్ష్యలో 18.8 రోజులకోసారి జోడీని చుట్టి వస్తుంది.

అదే గుచ్ఛంలో దక్షిణాఫ్రికా మీర్‌క్యాట్‌కు మరో పల్సర్ దొరికింది. 2024లో వెల్లడైన లెక్క ప్రకారం దాని జోడీ బరువు సూర్యుడికి 2.09 నుంచి 2.71 రెట్లు. న్యూట్రాన్ నక్షత్రమంటే మరీ బరువు, బ్లాక్‌హోల్ అంటే మరీ తేలిక. అదేమిటో ఇంకా తేలలేదు.