వసారాలో పెట్రోలు వాసన

పొగను జూచి నిప్పు గలదని యూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. కాని గృహిణి పొగ కనఁబడువఱకు వేచియుండరాదు. పెట్రోలు వాసన తగిలినపుడే కారణమును వెదకవలయును.

మన గుంటూరు, ప్రకాశము సీమలలో పెక్కిండ్లయందు మోటారు సైకిలు రాత్రివేళ వసారాలోనే యుండును. ప్రత్తి తీయు దినములలో దాని ప్రక్కనే ప్రత్తి బోరెములు, మిరప టిక్కీలు. గోడ కావల వంటయిల్లు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూఁడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకిఁ బోక నేలవెంట ప్రాఁకి పల్లమున నిలుచును. నీరు గడ్డకట్టు చలిలో సైత మంటుకొనఁగలదు. పిల్లలు చాపలపైఁ బరుండు నిండ్లలో మొదట పీల్చువారు వారే. అందలి బెంజీను రక్తమునకుఁ గీడుచేయును. “బండి యన్న తరువాత వాసన రాదా?” యని మగవారు తేలికగా ననుచుందురు. అన్నియు బిగువుగా నున్న బండియొద్ద నిత్యము వాసన యుండరాదు.

మా యింటి బండి 14 యేండ్ల నాఁటిది, కార్బురేటరు గలది. దినదినము వాసన వచ్చుచుండెను. షెడ్డులో రెండు మాఱులు చూపినను “ఏమియు లే”దనిరి. అంతట మేము అన్వయ వ్యతిరేకముల మార్గముఁ బట్టితిమి. బండిని ఆరుబయట నిలిపి, క్రింద తెల్లని యట్టముక్క పఱచి, మొదటి రాత్రి టాంకు క్రింది కాక్ మూసితిమి. తెల్లవాఱునప్పటికి వాసన లేదు. రెండవ రాత్రి తెఱచి యుంచఁగా వాసన వచ్చెను. కార్బురేటరునుండి దిగిన సన్నగొట్టము క్రింద నట్టపై మరకయు నుండెను. కావున టాంకు, మూత నిర్దోషములు. దోషము కాక్ దిగువనే. మెకానిక్కు విప్పిచూడఁగా, లోపల పెట్రోలుపైఁ దేలు చిన్నబుడ్డి పైకి లేచినపుడు ధారను మూయవలసిన సూదికొన యరిగి, నలుసు పట్టియుండెను. సూదిని మార్పింపఁగా వాసన పోయెను.

కాక్ మూసినను వాసన వచ్చునేని పైభాగమును చూడవలయును: మూత రబ్బరు, కాక్ వాషరు, టాంకు అతుకు. వేసవిలో మఱియొక కారణము గలదు. రెంటచింతల యెండలు మన మెఱిఁగినవే. 10 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కిన నించుమించు 190 మిల్లీలీటర్లు పెరుగును. అంచువఱకుఁ బోయించి యెండలో నిలిపిన టాంకు మూతకడఁ గారుట వింతకాదు. ఇథనాలు కలిసిన పెట్రోలు పాతబండ్ల రబ్బరు గొట్టములను చెఱుపవచ్చును. పగుళ్ళు గన్పట్టినచో మార్పింపవలయును. 2020 ఏప్రిలు 1న భారత్ స్టేజి 6 నియమము వచ్చిన తరువాతి బండ్లలోఁ జాలవఱకు కార్బురేటరు లేదు. వానిలో పెట్రోలు పంపు ఒత్తిడితో వచ్చును గాన ఇంట విప్పరాదు.

వాసన గాఢముగా నున్నచో అగ్గిపుల్ల గీయరాదు, స్విచ్చి ముట్టరాదు, బండిని స్టార్టు చేయరాదు. పొయ్యి యార్పి, తలుపులు తెఱచి, బండిని త్రోసి బయటికిఁ దీయవలయును. దోషము తేలువఱకు దానిని ప్రత్తికిని, వంటయింటికిని దూరముగా నుంచుఁడు. మెకానిక్కునొద్దకుఁ బంపునపుడు “వాసన వచ్చుచున్న”దని మాత్రమే కాక, “కాక్ తెఱచిన వచ్చును, మూసిన రా”దని చెప్పి పంపుఁడు. ఆ యొక్క మాటతో వెదకవలసిన చోటు సగమగును.