ఉద్యోగ మధ్యంలో మళ్లీ చదువు: సాంకేతిక రంగానికి మారదలచిన వారికి

బెంగళూరులో లెక్కల విభాగంలోనో, కర్మాగారపు నాణ్యతా విభాగంలోనో పది పన్నెండేళ్లు పనిచేసిన ఉద్యోగికి సాఫ్ట్‌వేర్ రంగానికి మారాలన్న ఆలోచన కలగడం సహజం. అందుకు మళ్లీ చదువు అవసరమా, అవసరమైతే ఏ చదువు, ఉన్న ఉద్యోగం విడిచి చదవాలా అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. చాలామంది ఈ మూడింటికీ ఒకే ప్రకటన చూసి, ఒకే రోజున సమాధానం చెప్పుకుంటారు.

చివరి ప్రశ్నను ముందు తేల్చుకోవడం మంచిది. కోర్సు రుసుము కంటె ఆగిపోయే జీతమే తరచు పెద్ద ఖర్చు. నెలకు 40,000 రూపాయలు ఆర్జించే వ్యక్తి రెండేళ్లు మానివేస్తే 9,60,000 రూపాయలు రాకుండా పోతాయి. ఇంటి అద్దె, పిల్లల బడి ఫీజులు మాత్రం ఆగవు. సంస్థ కల్పించిన కుటుంబ ఆరోగ్య బీమా కూడా సాధారణంగా రాజీనామాతోనే ముగుస్తుంది. శాశ్వతోద్యోగి రాజీనామా చేసినపుడు గ్రాట్యుటీ దక్కాలంటే 5 సంవత్సరాల నిరంతర సేవ ఉండాలి. నాలుగేళ్లు నిండినవారు కొన్ని నెలలు ఓపిక పట్టడమే లాభం.

ఉద్యోగం చేస్తూనే చదివే మార్గాలు నేడు కొరతగా లేవు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎం.సి.ఏ.ను రెండేళ్ల దూరవిద్యా కోర్సుగా నడుపుతున్నది. మద్రాసు ఐ.ఐ.టి. డేటా సైన్స్ డిగ్రీకి వయోపరిమితి లేదు. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు నగరంలోని కేంద్రాల్లో జరుగుతాయి. పూర్తి డిగ్రీ వరకు వెళ్లలేనివారు సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో ఆగవచ్చు. అయితే ఒక్కొక్క సబ్జెక్టుకు వారానికి సుమారు 10 గంటలు వెచ్చించాలి. రెండు సబ్జెక్టులు తీసుకుంటే 20 గంటలు. రోజూ మూడు గంటలు బస్సులో గడిపే ఉద్యోగికి అవి ఎక్కడినుంచి వస్తాయో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేసుకోవాలి.

డిగ్రీ అందరికీ అవసరం లేదు. ఇంజనీరింగ్ లేదా ఎం.సి.ఏ. చదివినవారినే పిలిచే సంస్థలకు దరఖాస్తు చేసేవారికి అది తప్పనిసరి. లెక్కల్లో అనుభవమున్న వ్యక్తి ఆర్థిక వ్యవహారాల సాఫ్ట్‌వేర్ పరీక్షణలోకి వెళ్లాలనుకుంటే పాత అనుభవమే సగం అర్హత. కొత్త నైపుణ్యం కొంత చేర్చుకుంటే చాలవచ్చు. పాత వృత్తిని పూర్తిగా విడిచినవారిని మాత్రం సంస్థలు తరచు కొత్తవారిగానే లెక్కిస్తాయి, జీతమూ ఆ మేరకే ఇస్తాయి. ఆసక్తిని పరీక్షించుకోవడానికి ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులున్నాయి. 8 లేదా 12 వారాల ఈ పాఠాలు ఉచితం. ధ్రువపత్రం కోరేవారే పరీక్ష రుసుము చెల్లిస్తారు. ఆ కోర్సును మధ్యలో వదిలివేసిన వ్యక్తి రెండేళ్ల కోర్సుకు సిద్ధంగా ఉన్నాడా అన్నది ఆలోచించవలసిన విషయమే.

అమీర్‌పేటలోనూ, మారతహళ్లిలోనూ స్తంభాలకు వేలాడే "నూరు శాతం ఉద్యోగం" ప్రకటనలు కొత్తవి కావు. కొన్ని శిక్షణ సంస్థలు రుసుమును ఫైనాన్స్ కంపెనీ అప్పుగా మార్చి వాయిదాలు కట్టిస్తాయి. అప్పు విద్యార్థి పేరిట ఉంటుంది గనుక తరగతులు మానినా, సంస్థ మూతబడినా వాయిదాలు ఆగకపోవచ్చు. సంతకానికి ముందు రుసుము వాపసు నిబంధనను లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఆన్‌లైన్ డిగ్రీ అని చెబితే, ఆ విశ్వవిద్యాలయానికి ఆ కోర్సుకు ఆ విద్యాసంవత్సరంలో అనుమతి ఉన్నదో లేదో యు.జి.సి. దూరవిద్యా విభాగపు వెబ్‌సైటులో చూడాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో ఇటువంటి డిగ్రీలు నడపడానికి యు.జి.సి. అనుమతించదు.