యుద్ధవేళ వెలిగిన క్రిస్మసు వృక్షము

అధికారపీఠమందున్నవారు పండుగనాడు ప్రజలకు ఆశాసందేశము వినిపించుట లోకమంతటను ఒక ఆచారమైపోయినది. సంవత్సరములు మారునే గాని వాక్యములు మారవు. వానిలో నూటికి తొంబది మరునాటికే మరపున పడును, పడుటయే న్యాయము. కాని 1941 డిసెంబరు 24వ తేదీ సాయంకాలము, వాషింగ్టను నగరమందలి శ్వేతసౌధపు దక్షిణాంగణమున వేలాది జనుల యెదుట వినవచ్చిన రెండు ప్రసంగములు మాత్రము అట్లు మరపురానివి.

బహిరంగస్థలమున జాతీయ క్రిస్మసు వృక్షమును నిలిపి, దేశాధ్యక్షుడు స్వహస్తముతో దాని విద్యుద్దీపములను వెలిగించు సంప్రదాయము 1923లో కాల్విన్ కూలిడ్జి నాట మొదలైనది. వెర్మాంటునుండి తెచ్చిన ఆ తొలి వృక్షము నలువదియెనిమిది అడుగులది. పిదప ఈ ఉత్సవము శ్వేతసౌధమునకు వెలుపలనున్న ఉద్యానములలో జరుగుచు వచ్చి, 1941లో సౌధాంగణమునకే తరలినది.

పెర్ల్ హార్బరుపై జపాను విమానములు విరుచుకుపడి అప్పటికి పదునేడు దినములే. బ్రిటిషు ప్రధాని విన్‌స్టన్ చర్చిల్, జలాంతర్గాములు పొంచియున్న అట్లాంటికు మహాసముద్రమును 'డ్యూక్ ఆఫ్ యార్క్' యుద్ధనౌకపై దాటి, రెండు దినములకు ముందే శ్వేతసౌధమునకు అతిథిగా విచ్చేసియుండెను. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు తన ప్రసంగమున శుభాకాంక్షలకంటె ముందు ప్రతి గృహమునందును జనులు లోలోన వేసికొనుచున్న ప్రశ్ననే పైకి తెచ్చెను: కుమారులును సోదరులును సమరమునకు తరలుచుండగా మనము దీపములు వెలిగించుటెట్లు, కానుకలిచ్చుకొనుటెట్లు? ప్రశ్నను దాటవేయక, దానిని పూర్తిగా వినిపించిన పిమ్మటనే ఆతడు సమాధానమునకు వచ్చెను. మానవుని గౌరవమునందును సౌభ్రాత్రమునందును గల విశ్వాసమే ఈ యుద్ధమున మన ఆయుధమనియు, నూతన సంవత్సరదినమును ప్రార్థనాదినముగా పాటింపవలెననియు పలికెను. ఆ ప్రసంగమునకు బలము సమాధానమున కంటె ప్రశ్నయందే హెచ్చుగా కలదని నా యభిప్రాయము. దుఃఖమును పేరుపెట్టి పిలువలేని నాయకుని నోట ఆశ యనుమాట వట్టి అలంకారమగును.

చర్చిల్ పలికినది ఇంకను క్లుప్తము. పిల్లలకు ఈ యొక్క రాత్రి నవ్వులతో గడవనిండు, పెద్దలము మనమును వారి సంతోషమున పాలుపంచుకొని, పిదప మన కఠోరకర్తవ్యములవైపు మరలుదము అని ఆతని మాటల సారాంశము. ఒక్క రాత్రికి మించి ఆతడేమియు వాగ్దానము చేయలేదు. చేయకుండుటయు వివేకమే: మరునాడే, క్రిస్మసునాడే, హాంకాంగు జపానువారికి లొంగిపోయినది.

భారతీయుడు ఈ ఘట్టమును నిష్కళంక హర్షముతో స్మరింపజాలడు. రూజ్వెల్టును చర్చిలును కలిసి ప్రకటించిన అట్లాంటికు ఒడంబడికయందలి స్వపరిపాలనాసూత్రము నాజీల పాదములక్రింద నలుగుచున్న ఐరోపా జాతులనుద్దేశించినదే గాని భారతదేశమునకు వర్తించునది కాదని అంతకు మూడు మాసములకు ముందే ఆ చర్చిలే తన పార్లమెంటులో చెప్పియుండెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడినప్పుడు, యుద్ధము మన యింటికి వచ్చెను గాని స్వేచ్ఛ రాలేదు. వక్తయొక్క ఔదార్యమునకు ఎల్ల లుండవచ్చును; ఆనాడు ఆ వాక్కున సత్యము లేదనుట మాత్రము పక్షపాతమగును.

తరువాతి మూడు క్రిస్మసులకు యుద్ధకాల నిబంధనలవలన ఆ వృక్షము అలంకృతమయ్యెనే గాని దీప్తము కాలేదు. 1945లో ట్రూమను దానిని మరల వెలిగించెను.

వెలిగింపకుండుట సైతము సందేశము కాగలదని నిరూపించినవాడు జిమ్మీ కార్టరు. టెహరానులో అమెరికా రాయబార కార్యాలయమువారు బందీలైన 1979లో, వృక్షాగ్రమందలి తారను మాత్రము వెలిగించి, తక్కిన దీపములు బందీలు తిరిగివచ్చిన నాడే వెలుగునని ఆతడు ప్రకటించెను. మరుసటి క్రిస్మసుకును వారు రాలేదు. అప్పుడు వృక్షము, బంధనమందు గడచిన దినమునకొక క్షణము చొప్పున, నాలుగువందల పదునేడు సెకండ్లు మాత్రము పూర్తిగా వెలిగి ఆరిపోయినది. ఉపన్యాసములెన్నింటికంటెను ఆ లెక్క నిజాయితీ గలది. 1981 జనవరి 20న ఏబదిరెండుగురు బందీలు విముక్తులైరి. ఆనాడే కార్టరు పదవీకాలము ముగిసినది.