నిత్యము మ్రోగు మ్రోత మనస్సున కేల తట్టదు?

పటాన్‌చెరు పారిశ్రామిక వాటికకు చేరువనున్న చిట్కుల్‌లో పెరుగు బాలునికి లారీల మ్రోత చెవిని బడుచుండియు మనస్సునకేల తట్టదు? జవాబునకు దారి మనము నేర్చుకొను తీరులో దొరకవచ్చును. మెదడు రాబోవుదానిని ముందుగా ఊహించుచు, ఆ ఊహకును యథార్థమునకును గల భేదమునుండియే నేర్చుకొనునను భావమును, 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అను అమెరికను మనోవిజ్ఞానులు ఒక చిన్న సమీకరణమున ఇమిడ్చిరి. గంట మ్రోగినంతనే ఫలాహారము లభించుననుకొందము: లభించినది 1, తొలి ఊహ 0, ప్రతిపర్యాయము భేదములో సగము కలుపుచుపోయినచో ఊహ 0.5, 0.75, 0.875గా పెరుగును, నేర్వవలసినది తరుగును. ఎంత సొగసైన లెక్క!

ఆ ‘సగము’ స్థిరము కాదనియు, అది అవధానమును బట్టి మారుననియు, ఆశ్చర్యము కలిగినపుడు అవధానము హెచ్చి, అంతయు ఊహించినట్లే జరిగినపుడు క్షీణించుననియు 1980లో పియర్స్, హాల్ ప్రతిపాదించిరి. నిత్యపు మ్రోత మరుగుపడి, క్రొత్త కూత తల త్రిప్పించుట ఈ దృష్టితో సుబోధమగును. అయినను అవధానమంతయు ఈ ఒక్క సూత్రమున ఇముడునని నేననను.

కోతుల మెదడులో డోపమైను అను రసాయనమును వెలువరించు కణములు ఊహకును యథార్థమునకును గల ఇట్టి భేదమునే సూచించునని 1997లో షుల్ట్స్, డయాన్, మాంటేగ్ వివరించిరి. గచ్చిబౌలి ఐఐఐటీలో సూరంపూడి బాపిరాజు, మద్రాసు ఐఐటీలో వి. శ్రీనివాస చక్రవర్తి మెదడు పనితీరునకు గణితనమూనాలు నిర్మించిన మనవారు. నమూనాలో డోపమైను సంకేతమును తగ్గించి, పార్కిన్సన్ వ్యాధిలో చలనమెట్లు కుంటుపడునో పరిశీలించుటయు చక్రవర్తిగారి కృషిలో భాగము.